మామయ్య బిగించిన ఇంజిన్‌ను మళ్లీ విప్పాలా?

బాలానగర్‌లో చిన్న లేత్ షెడ్డు నడుపుకొనే ఒక పాఠకుడు రాసిన ఉత్తరమిది. ఆయన అక్కను కాకినాడ దగ్గరి ఒక పల్లెలో ఇచ్చారు. బావగారు మరో ఇద్దరితో కలిసి ఫైబర్ పడవ మీద సముద్రంలో చేపల వేటకు వెళతారు. ఆ పడవ వెనక బిగించిన 40 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ ఇంజిన్ రెండు సిలిండర్ల టూ స్ట్రోక్ రకం. వేసవికి ముందు పై సిలిండర్‌లో పిస్టన్ పట్టేసి ఆగిపోయింది. ఎలాగూ వేట నిషేధ కాలం వస్తోంది కదా అని ఇంజిన్‌ను లారీలో హైదరాబాద్‌కు పంపారు. మన పాఠకుడు బోరు చేయించారు. ఓవర్‌సైజు పిస్టన్లు, రింగులు, బేరింగులు, ఆయిల్ సీళ్లు అన్నీ కొత్తవి తెప్పించారు. తీరా బిగించే సమయానికి పెళ్లి పని మీద ఊరు వెళ్లాల్సి వచ్చింది. తిరిగి వచ్చేసరికి, తనకు పని నేర్పిన మేనమామే ఇంజిన్ మొత్తం బిగించి పెట్టారు. క్రాంకు తిరిగే గుల్లను క్రాంక్‌కేసు అంటారు, దాని రెండు సగాల మధ్య నల్ల సిలికాన్ పేస్టు పూశారు. పైన ఫ్లైవీల్ నట్టు నుంచి కింద గేరు హౌసింగ్ బోల్టుల దాకా అన్నిటికీ ఎర్ర థ్రెడ్‌లాకర్, అంటే మరలు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు, వేశారు.

“సర్వీసు మాన్యువల్ తీసి చూపించాను” అని రాశారు ఆ పాఠకుడు. “నలభై ఏళ్లుగా ఇంజిన్లు కడుతున్నవాడికి పుస్తకం చూపిస్తావా, నడిసముద్రంలో నట్టు ఊడితే నీ అక్క బతుకేం కావాలి అన్నారు మామయ్య. ఆ రోజు నుంచి షెడ్డుకు రావడం లేదు. అమ్మ కూడా నాతో సరిగా మాట్లాడటం లేదు. బావ రోజూ ఫోను చేస్తున్నారు. నిషేధం జూన్ 14తో అయిపోతుంది. డ్రమ్ములో నీళ్లు పోసి స్టార్టు చేస్తే ఇంజిన్ చక్కగానే తిరుగుతోంది. ఇలాగే పంపించేయాలా, విప్పాలా? విప్పితే మామయ్యను అవమానించినట్టే. అసలు ఈ పేస్టులు, లాకర్లు ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?”

మీ ఉత్తరం చదివాక మొదట అనిపించింది చెబుతాను. మీ మామయ్యగారి భయాన్ని తీసిపారేయకండి. రోడ్డు మీద ఇంజిన్ ఆగితే బండిని పక్కకు తోసుకుంటాం. తీరానికి దూరంగా ఆగితే గాలి ఎటు కొడితే అటు పోవాల్సిందే. మేనల్లుడు ఊళ్లో లేడు, నిషేధం ముగిసే రోజు దగ్గర పడుతోంది, ఎవరూ అడక్కుండానే ఆయన కూర్చుని పని పూర్తి చేశారు. అది ప్రేమతో చేసిన పని. ఆయనతో ఏం మాట్లాడినా ఆ మాటతోనే మొదలుపెట్టండి.

అయితే ఇంజిన్ విషయంలో మాన్యువల్‌దే పైచేయి. ఎందుకో మీకు తెలిస్తే ఆయనకూ చెప్పగలుగుతారు.

మన వైపు నలభై ఏళ్లు ఇంజిన్ పని చేసినవారి చేతుల్లో ఎక్కువగా తిరిగేవి నీటి పంపులు, జనరేటర్లు, ట్రాక్టర్లు, లారీలు. వాటి క్రాంక్‌కేసులో ఉండేది ఆయిల్. అక్కడ రెండు సగాలు కలిసే కీలుకు సిలికాన్ బాగానే పనిచేస్తుంది, కాబట్టి మామయ్యగారి అనుభవం అబద్ధం కాదు. టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్‌లో మాత్రం పెట్రోలు, ఆయిల్, గాలి కలిసిన మిశ్రమం మొదట క్రాంక్‌కేసులోకే వస్తుంది. పిస్టన్ కిందికి దిగేటప్పుడు అది అక్కడే ఒత్తిడికి లోనై సిలిండర్‌లోకి ఎగబాకుతుంది. అంటే ఆ కీలు మీద ఒకసారి ఒత్తిడి, ఒకసారి లాగుడు, నిమిషానికి వేల సార్లు. పైగా ఎప్పుడూ పెట్రోలులో నానుతూ ఉంటుంది. సిలికాన్ పెట్రోలును పీల్చుకుని ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పట్టు వదులుతుంది. వదిలిన చోట నుంచి గాలి లోపలికి దూరుతుంది. గాలి పెరిగితే మిశ్రమం పల్చబడుతుంది. అప్పుడు మంట వేడి పెరుగుతుంది, పిస్టన్‌కు అందే ఆయిల్ తగ్గుతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. మీ దగ్గరికి వచ్చినప్పుడు ఈ ఇంజిన్‌కున్న జబ్బు అదే కదా.

ఇంకో సంగతి మందం. క్రాంక్‌కేసు రెండు సగాలను కలిపి బిగించి, ఆ తర్వాతే బేరింగు గూళ్లను కోస్తారు. మీరు లేత్ మనిషి, ఈ మాట మీకు వివరించక్కర్లేదు. మధ్యలో పేస్టు మందంగా ఉండిపోతే ఆ గూళ్ల గుండ్రదనమే మారిపోతుంది. ఇక లోపలికి పొంగిన సిలికాన్ తీగలా గట్టిపడి, ఒకరోజు తెగి, మిశ్రమం సిలిండర్‌లోకి వెళ్లే ట్రాన్స్‌ఫర్ దారిలోనో బేరింగులోనో చిక్కుకుంటుంది.

ఇలాంటి కీలు కోసమే గాలి తగలని చోట గట్టిపడే సీలెంట్ ఉంది. ఫ్లాంజి సీలెంట్ అని అడగండి. లాక్‌టైట్ 518 అలాంటిదే. కొన్ని ఇంజిన్ కంపెనీలు తమ సొంత సీలెంట్ పేరు మాన్యువల్‌లో రాస్తాయి, అది దొరికితే అదే వాడండి. ఈ రకం రెండు లోహపు ముఖాల మధ్య చిక్కినంత మేరే గట్టిపడుతుంది. లోపలికి పొంగినది గాలి తగులుతూ ద్రవంగానే ఉండి, పెట్రోలుతో కలిసి కొట్టుకుపోతుంది. థ్రెడ్‌లాకర్ కూడా ఈ కుటుంబానిదే. అందుకే దాని సీసాను ఎప్పుడూ నిండుగా నింపరు, లోపల గాలి ఉంటేనే అది ద్రవంగా నిలుస్తుంది. రాణిగంజ్‌లో కొనేటప్పుడు సీసా సగమే ఉందని దుకాణదారుతో తగువు పడకండి. గడువు తేదీ మాత్రం తప్పక చూడండి.

ఇక ఎర్ర లాకర్. మామయ్యగారి భయం నట్టు ఊడిపోతుందని. ఉప్పునీటిలో తిరిగే ఇంజిన్‌కు అంతకంటే పెద్ద బెడద బోల్టు ఊడి రాకపోవడం. అల్యూమినియం గుల్లలోకి స్టీలు బోల్టు దిగిన చోట ఉప్పునీరు చేరితే తినిపోయేది అల్యూమినియమే. ఆ తెల్ల పొడి మరల మధ్య పేరుకుని బోల్టును సిమెంటు పోసినట్టు పట్టేస్తుంది. రెండేళ్ల తర్వాత స్పానర్ వేస్తే బోల్టు తల చేతికొస్తుంది, ఒళ్లు లోపలే ఉండిపోతుంది. హుస్సేన్ సాగర్‌లో తిరిగే పడవల ఇంజిన్లు చూసి ఈ బాధను అంచనా వేయలేం. అక్కడున్నది సముద్రపు నీరు కాదు.

గేరు హౌసింగ్ బోల్టుల సంగతి మరీ ముఖ్యం. ఇంజిన్‌ను చల్లబరిచే నీటి పంపు ఇంపెల్లర్ ఉండేది వాటి వెనకే. ఆ రబ్బరు చక్రం అరిగేది, మార్చవలసినది. సముద్రంలో తిరిగే ఇంజిన్‌కు ఏడాదికి ఒకసారైనా దాన్ని తీసి చూడాలి. ఎర్ర లాకర్ వేసి మూసేస్తే కాకినాడలో ఏ మెకానిక్ విప్పగలడు? ఇంపెల్లర్ మార్చలేక ఇంజిన్ వేడెక్కితే మళ్లీ పిస్టనే పట్టేస్తుంది. అక్కడ కావలసింది నీటికి కొట్టుకుపోని మెరైన్ గ్రీజు. మరలకు పల్చగా పూసి, మాన్యువల్ చెప్పిన టార్కుకు, అంటే అంత తిప్పుడు బలానికి, బిగిస్తే చాలు. బోల్టు పట్టేయకుండా పూసే, రాగి పొడి కలిపిన యాంటీ సీజ్ పేస్టు మాత్రం ఉప్పునీటి దగ్గర అల్యూమినియానికి వాడకండి, తుప్పును ఇంకా ఎగదోస్తుంది.

లాకర్ నిజంగా కావలసిన చోట్లూ ఉన్నాయి. మిశ్రమాన్ని క్రాంక్‌కేసులోకి రానిచ్చి వెనక్కి పోనివ్వని రీడ్ వాల్వుల రేకులను, వాటి అడ్డు పట్టీలను పట్టి ఉంచే చిన్న స్క్రూలు చూడండి. వాటిలో ఒక్కటి ఊడినా నేరుగా క్రాంక్‌లోకి పోతుంది. అక్కడ నీలి లాకర్, అంటే మధ్యరకం, ఒక్క చుక్క వేయాలి. మామయ్యగారి భయానికి సరైన చోటు అది. కనెక్టింగ్ రాడ్‌కు బోల్టులుండే రకమైతే మాన్యువల్ మాట తప్ప సొంత తెలివి వద్దు. చాలా ఇంజిన్లకు అక్కడ కొత్త బోల్టు, మరలకు ఆయిల్, కచ్చితమైన టార్కు, అంతే. ఫ్లైవీల్‌ను పట్టి ఉంచేది షాఫ్టు కోను మీద దాని బిగువు. ఆ రెండు ముఖాలూ పొడిగా, శుభ్రంగా ఉండాలి. లాకర్ ఆ కోను మీదికి కారి ఉంటే పుల్లర్‌తో ఫ్లైవీల్ తీసి తుడవాల్సిందే.

ఆనోడ్‌ను కూడా ఒకసారి చూడండి. ఉప్పునీటిలో మిగతా లోహానికి బదులు తాను అరిగిపోవడానికి పెట్టే ముక్క అది. దాని కింద సిలికానో పెయింటో ఉంటే లోహానికి లోహం తగలదు, ఆనోడ్ ఉండీ లేనట్టే. అక్కడ ఏ పేస్టూ వద్దు.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వస్తాను. మీ ముందు మూడు దారులున్నాయి.

ఒకటి, ఇలాగే పంపించడం. డ్రమ్ములో చక్కగా తిరుగుతోంది అన్నారు. డ్రమ్ములో ఇంజిన్‌కు బరువు ఉండదు. పడవ నిండా వలలు, ఐసు, ముగ్గురు మనుషులతో గంటల తరబడి లాగినప్పుడే పల్చటి మిశ్రమం తన పని చూపిస్తుంది. క్రాంక్‌కేసులోకి కొద్దిగా గాలి పంపి ఒత్తిడి నిలుస్తుందో లేదో పరీక్షించవచ్చు. సబ్బునీళ్లు పూస్తే బుడగలు కారే చోటును చూపిస్తాయి. కానీ అది ఈ రోజు సంగతి మాత్రమే చెబుతుంది. పెట్రోలులో కొన్ని వారాలు నానిన సిలికాన్ ఎలా ఉంటుందో చెప్పదు. ఈ దారిలో సమయం మిగులుతుంది, మామయ్యగారి మనసూ నిలుస్తుంది. కానీ ఆ మిగిలినదాని ఖరీదు పడవలో కూర్చునే ముగ్గురి మీద పడుతుంది. నేను మీ స్థానంలో ఉంటే ఈ దారి పట్టను.

రెండోది, మొత్తం విప్పి మొదటి నుంచి బిగించడం. పని శుభ్రంగా ఉంటుంది. అయితే అన్ని గ్యాస్కెట్లూ మళ్లీ కొనాలి. ఎర్ర లాకర్ వేసిన ప్రతి బోల్టునూ వేడి చేయాలి. దానికి దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలి, ఆ వేడి ఉండగానే విప్పితేనే వస్తుంది. అన్ని బోల్టుల దగ్గర ఇలా చేస్తూ పోతే ఆరు మిల్లీమీటర్ల చిన్నవి కొన్నయినా విరుగుతాయి. జూన్ 14 లోపు పూర్తి కాకపోవచ్చు.

మూడోది, తప్పనిసరి అయినవే విప్పి, మిగతావి వదిలేయడం. క్రాంక్‌కేసు, రీడ్ వాల్వు స్క్రూలు, ఫ్లైవీల్ కోను, గేరు హౌసింగ్ బోల్టులు, ఆనోడ్, ఈ ఐదూ తప్పవు. థర్మోస్టాట్ మూత, ఎగ్జాస్ట్ మూతల దగ్గర సిలికాన్ వాడి ఉంటే అవీ తీయాలి, తెగిన ముక్క సన్నని నీటి దారిని మూసేస్తుంది. క్లాంపు బ్రాకెట్టు, స్టీరింగు వైపు ఎర్ర లాకర్ ఉన్నా ఇప్పటికి ఉండనివ్వండి. తర్వాత విప్పేటప్పుడు కష్టపడాలి, అంతేగానీ ఇంజిన్ ఆరోగ్యానికి లోటు లేదు. మీకున్న గడువును బట్టి నా మొగ్గు దీనివైపే. అయితే ఏవి వదిలేశారో ఒక కాగితం మీద రాసి ఇంజిన్‌తోపాటు పంపాలి. లేకపోతే కాకినాడలో మెకానిక్ తెలియక బలం పెట్టి విరగ్గొడతాడు.

విప్పేటప్పుడు తొందర వద్దు. ముందు ట్యాంకు, కార్బొరేటర్లు తీసి దూరంగా పెట్టండి, మిగిలిన పెట్రోలు పూర్తిగా ఆరిపోనివ్వండి. వేడి చేసే ముందు ప్రతి బోల్టునూ మామూలు స్పానర్‌తో ఒకసారి ప్రయత్నించండి. అల్యూమినియం మీద, స్టెయిన్‌లెస్ మీద ఈ లాకర్ నెమ్మదిగా గట్టిపడుతుంది, కొన్నిచోట్ల ఇంకా పూర్తిగా పట్టి ఉండకపోవచ్చు. రానివాటికి పెద్ద సోల్డరింగ్ ఐరన్ కొనను బోల్టు తల మీద ఆనించి ఉంచండి, లేదా హీట్ గన్ వాడండి. గ్యాస్ మంట మాత్రం పట్టకండి. ఇనుములా అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు, ఉన్నట్టుండి కుంగిపోతుంది. వేడి తగిలిన చోట దగ్గర్లో ఆయిల్ సీలు ఉంటే దాన్ని మార్చేయండి. బోల్టు విరిగితే కంగారు పడకండి. డ్రిల్లు చేసి హెలికాయిల్ (కొత్త మరలిచ్చే తీగ చుట్ట) వేయడం మీ చేతిలో పనే.

క్రాంక్‌కేసు తెరిచాక పాత సిలికాన్‌ను ప్లాస్టిక్ గీకుడు బద్దతో తీయండి. ఇనుప బ్రష్షు, గ్రైండరు డిస్కు ఆ ముఖాల దగ్గరికి రానివ్వకండి. అసిటోన్‌తో తుడిచి, గోరు అడ్డంగా లాగి చూడండి. ఎక్కడా ఏదీ తగలకూడదు. సీలెంట్‌ను ఒక ముఖం మీదే సన్నని గీతలా, బోల్టు రంధ్రాల చుట్టూ తిప్పుతూ పూయండి. బేరింగు గూళ్లకు, మధ్య సీలుకు తగలకుండా కాస్త ఎడం ఉంచండి. మధ్య బోల్టుల నుంచి బయటికి, రెండు మూడు విడతల్లో బిగించండి. ప్రతి విడతకూ క్రాంకును చేత్తో తిప్పి చూడండి. బరువు తగిలితే అక్కడే ఆగండి. తర్వాత 24 గంటలు ముట్టుకోకండి. మరలకు ఆయిలో గ్రీజో ఉందా, పొడిగా ఉన్నాయా అన్నదాన్ని బట్టి టార్కు అంకె మారుతుంది. మాన్యువల్ ఏ స్థితికి ఆ అంకె ఇచ్చిందో చూసుకోండి. రీడ్ స్క్రూ మూసుకుపోయిన రంధ్రంలోకి దిగేదైతే లాకర్ చుక్కను స్క్రూకు కాకుండా రంధ్రంలోనే వేయండి, లేకపోతే లోపలి గాలి దాన్ని బయటికి నెట్టేస్తుంది.

ఇంకొకటి మీ ఉత్తరంలో కనిపించలేదు. పై పిస్టన్ అసలు ఎందుకు పట్టేసింది? పై ఆయిల్ సీలు కారిందా, కార్బొరేటర్ జెట్టు మూసుకుందా, పై సిలిండర్ దాకా నీళ్లు ఎక్కలేదా? ఆ కారణం తేలకుండా ఎంత బాగా బిగించినా కొత్త పిస్టన్ పాతదాని దారే పడుతుంది. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి ఇది తేల్చుకోండి.

మామయ్యగారి దగ్గరికి మాన్యువల్ పట్టుకుని వెళ్లకండి. ఆయన కళ్లతో చూసి నేర్చుకున్న మనిషి, కళ్లకే చూపించండి. ఆయన వాడిన ట్యూబులోంచే బఠాణీ గింజంత సిలికాన్ తీసి ఆరబెట్టండి. అలాంటివి రెండు చేయండి. ఒకటి బయటే ఉంచి, రెండోది ఇంజిన్‌లో పోసే పెట్రోలు, ఆయిల్ మిశ్రమంలో వేసి గాజు సీసాకు మూత పెట్టండి. ఒకటి రెండు రోజుల తర్వాత రెండింటినీ ఆయన చేతిలో పెట్టండి. నానినది ఉబ్బి, వేళ్ల మధ్య నలిపితే చిట్లిపోయేలా ఉంటుంది. మీరు ఒక్క మాటా అనక్కర్లేదు. ఆ తర్వాత క్రాంక్‌కేసు మూసే రోజు ఆయన్ని పిలవండి. క్రాంకు తిప్పినప్పుడు ఎక్కడ బరువు తగులుతోందో మీ చేతికంటే ఆయన చేతికే ముందు తెలుస్తుంది. మర్యాద కోసం కాదు, ఆ పని ఆయన మీకంటే బాగా చేస్తారు కాబట్టి పిలవండి.

వచ్చి తీరుతారని నేను హామీ ఇవ్వలేను. రాకపోతే రెండు రకాలుగా ఆలోచించవచ్చు. ఆయన ఒప్పుకునేదాకా ఆగితే ఇంటి వాతావరణం బాగుపడుతుంది గానీ, నిషేధం అయ్యాక తొలి వారాల వేట బావగారికి పోతుంది. ఆగకుండా విప్పితే కొన్నాళ్లు ఆయన అలక భరించాలి. రెండోదే ఎంచుకుంటే అమ్మగారితో ముందే మాట్లాడండి. మామయ్యగారి తప్పు లెక్కబెడుతున్నట్టు కాకుండా, అక్క ఇంటి మనిషి క్షేమం కోసం ఏం చేయబోతున్నారో చెప్పండి. ఆ మాట మీ నోటి నుంచే రావాలి, మామయ్యగారి కోపం ద్వారా కాదు.

బావగారికి మాత్రం ఈ రోజే ఫోను చేసి ఉన్న సంగతి చెప్పండి. పడవలో కూర్చునేది ఆయన. మామయ్యగారి పేరు ఎత్తక్కర్లేదు, “ఒక కీలు మళ్లీ వేయాలి, ఇన్ని రోజులు పడుతుంది” అంటే చాలు. ఆలస్యమైతే తోటివారి ఇంజిన్ అద్దెకు తీసుకోవడమా, ఆగడమా అన్నది ఆయన తేల్చుకుంటారు. మీరు చెప్పకపోతే ఆ అవకాశం ఆయనకు ఉండదు.

పంపేటప్పుడు రెండు జాగ్రత్తలు రాసి ఇవ్వండి. మొదటి పది గంటలు కొత్త ఇంజిన్ లెక్కనే. 50కి 1 పాళ్లలో ఆయిల్ వాడే ఇంజిన్లకు ఆ కాలంలో సాధారణంగా 25కి 1 కలుపుతారు, మీ మాన్యువల్ అంకెతో సరిచూసుకోండి. ఆ గంటలన్నీ ఒడ్డు కనిపించేంత దూరంలోనే, పక్కన ఇంకో పడవ ఉండగా తిప్పాలి. ఇంజిన్ పక్క నుంచి నీటి ధార వస్తోందో లేదో చూస్తూ ఉండాలి. తర్వాత రెండు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఏది పైది, ఏది కిందిది అని గుర్తు పెట్టి ఫొటో తీసి మీకు పంపమనండి. రెండూ ఒకేలా లేత గోధుమ రంగులో ఉంటే సరే. పై ప్లగ్గు తెల్లగా కాలినట్టు ఉంటే ఎక్కడో గాలి దూరుతోందనో, పెట్రోలు సరిగా అందడం లేదనో అర్థం. మీరు చూసేదాకా ఆ ఇంజిన్‌తో వేటకు వెళ్లవద్దని చెప్పండి.